చెఱసాల గోడమీది తేటగీతి

పద్యమన్న మాట వినబడగానే నేటి విద్యావంతులలో పెక్కుమందికి సంకెల స్ఫురించును. యతి యొక సంకెల, ప్రాస యొక సంకెల, గణములన్నియు కటకటములు. వీనిని త్రెంచుకొని వెలువడిననాడే కవి తన్ను దాను తెలిసికొన్నవాడగునని మనవారు తలంతురు. ఈ వ్యాసకర్తయు కళాశాలలో చదువుకొనునాళ్ల నట్లే తలచెడివాడు. ఆ తలంపునకు మొదట నడ్డువచ్చినది శాస్త్రగ్రంథము కాదు. నిజముగా కటకటముల వెనుక నుండి, గోడమీద బొగ్గుతో పద్యము వ్రాసిన యొక కవి చరిత్రము. బంధములో నున్నవాడు మఱియొక బంధమును కోరి యేల తగిలించుకొనెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా పద్యమును గూర్చి నా యభిప్రాయమే మాఱినది. చదువరులు కొంచె మోపిక పట్టుదురేని ఆ మార్గమును వారికిని చూపెదను. నడుమ గణముల లెక్క కొంత తప్పదు. వంటింటి కొలతలకంటె నది కష్టము కాదు.

ఓరుగంటి నుండి ఖమ్మమునకు బోవు బాటలో మరిపెడ కలదు. దానికి చేరువగా చిన్నగూడూరను గ్రామము. 2016లో క్రొత్త జిల్లాలును మండలములును ఏర్పడువఱకు అది మరిపెడ మండలములోనిదే. అక్కడ 1925 జూలై 22వ తేదీన దాశరథి కృష్ణమాచార్యులు జన్మించెను. తండ్రి వేంకటాచార్యులు, తల్లి వేంకటమ్మ. మూడేండ్ల తరువాత పుట్టిన తమ్ముడు రంగాచార్యులే 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' వ్రాసిన నవలాకారుడు. వైష్ణవ పండిత కుటుంబమగుటచే ఇంట సంస్కృతమును ద్రావిడ ప్రబంధమును వినబడుచుండెడివి, వాకిలి దాటిన తెలుగు, బడిలో ఉర్దూ, పైచదువున ఇంగ్లీషు. ఖమ్మములో మెట్రిక్యులేషను ముగించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంగ్లీషు సాహిత్యముతో బి.ఏ. పట్టము పొందినవా డీ కవి. ఒక బాలుడు ప్రొద్దున లేచినది మొదలు నిద్రించువఱకు ఇన్ని భాషల నడుమ తిరుగుచుండగా, ఇందులో నేది నాది యను ప్రశ్న వానికి పుట్టక మానదు. ఇంట నొక భాష, బడిలో నొక భాష నేర్చుచు నలుగుచున్న బిడ్డలను దినదినము చూచు తల్లులకు నీ సంగతి నేను విప్పి చెప్పనక్కఱలేదు.

ఆ ప్రశ్న యొక్క బాలునిది మాత్రమే కాదు. 1921 నవంబరులో హైదరాబాదు నగరమున మహర్షి కర్వే యధ్యక్షతను సంఘసంస్కరణ సభ జరిగెను. పెద్దలు ఇంగ్లీషున, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగించిరి, సభ వినెను. ఆలంపల్లి వేంకట రామారావు లేచి తెలుగున మాటలాడబోగా గేలిచేసి కూర్చుండబెట్టిరి. సంస్కరణమును కోరి కూడిన సభయే అధికసంఖ్యాకుల భాషను సహింపలేకపోవుట గమనింపదగిన విషయము. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. పదుమూడేండ్లకు పిమ్మట, తెలంగాణమున కవులు పూజ్యమని యొకరు వ్రాసిన మాటకు బదులుగా, సురవరము ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలను కూర్చి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించెను. ఆ సంచికను తిరుగవేసినవారికి పద్యములే పద్యములు కనబడును. కొందఱు దానిని జూచి, లోకము మాఱుచుండగా వీరింకను పాతబాటనే పట్టిరని పెదవి విఱిచిరి. అది తొందరపాటని నా యభిప్రాయము. నీకు భూమి లేదని దబాయించువాని యెదుట ఇంటిలోని పాత పట్టా కాగితము తీసి పఱచినట్లు, ఆ కవులు తమ పద్యములను పఱచిరి. కాగితము పాతదగుటయే అక్కడ దాని బలము.

సముద్రతీరపు జిల్లాలలో అప్పటి స్థితి వేఱు. గురజాడ 1910లోనే 'ముత్యాలసరములు' నడపించెను. శ్రీశ్రీ 1933 మొదలు 1940 వఱకు మాత్రల నడకలో 'మహాప్రస్థాన' గీతములు వ్రాసెను. 1939లో పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' వెలువరించి పద్యమును బాహాటముగా వెక్కిరించెను. అక్కడ పద్యము బడిలో పంతులుచేతి బెత్తము, సభలో పండితుని శాలువ. దానిని కాదనుట యింటి పెద్దరికమును కాదనుట. మరిపెడ ప్రాంతపు బాలునకో, బడిలో బెత్తము ఉర్దూ మాటలాడెను. పద్యము పరీక్షకు వచ్చునది కాదు, ఉద్యోగ మిచ్చునది కాదు. పురాణశ్రవణమునను, ముసలివారి నోటను బ్రతికియున్న ఇంటి వస్తువు. ఒక చోట పెత్తనమునకు గుర్తైన రూపమే యింకొక చోట పోగొట్టుకొన్న సొమ్మునకు గుర్తగుట ఇందువలననే. పద్యమును విడుచుట యొకనికి విడుదల; పట్టుకొనుట యింకొకనికి విడుదల.

ఇక చెఱసాల. నిజాము ప్రభుత్వముపై జరిగిన పోరాటములో పాల్గొన్నందుకు దాశరథిని 1947లో నిర్బంధించి, పిమ్మట నిజామాబాదు చెఱసాలలో నుంచిరి. అక్కడ వట్టికోట ఆళ్వారుస్వామి తోడి ఖైదీ. ఈయన దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, చంకన పుస్తకముల మూట పెట్టుకొని ఊరూర తిరిగిన పుణ్యాత్ముడు. దాశరథి తన మొదటి గ్రంథమగు 'అగ్నిధార'ను 1949లో ఈతనికే అంకితము చేసెను. ఖైదులో కాగితము లేదు, కలము లేదు. పండ్లు తోముకొనుటకు బొగ్గు మాత్ర మిచ్చెడివారు. ఆ బొగ్గే కలము, గోడయే కాగితము.

ఇట్టి చోట పద్యమెట్టి యుపకారము చేయునో ఆలోచింపుడు. గోడకు సున్నము కొట్టింతురు, వ్రాత పోవును. నోటనున్నదే నిలువవలెను. గద్యమును నోటబట్టినవాడు రెండవ నాటికి మాట మార్చును, మూడవ నాటికి వాక్యము మార్చును. మార్చితినని వానికి తెలియనే తెలియదు. పద్యమున అట్లు కాదు. మా యింట చదువు రాని యొక ముసలమ్మ భాగవత పద్యములు చెప్పెడిది. నడుమ నొక్క యక్షరము జాఱినచో టక్కున నాగి, "కాదు, కాదు" అని మొదటికి పోయెడిది. ఆమెకు యతి యను పేరు తెలియదు. కాని చెవికి తప్పు తెలిసెడిది. పద్యము తన కాపలా తానే కాచుకొనును. చెఱసాలలో నొకని నోటినుండి యింకొకని నోటికి, అక్కడినుండి వెలుపలికి పోవలసిన మాటకు ఇంతకంటె నమ్మకమైన పెట్టె యేది?

అయితే పద్యములలో పెక్కు తెగలున్నవి. ఆ గోడమీద వ్రాసినదిగా జనులు చెప్పుకొనువానిలో అన్నిటికంటె ప్రసిద్ధమైనది ప్రభువును నిలదీసి, తన నేలను వీణతో పోల్చినది. ఆ మాటలు తెలియని తెలుగువారు నేడు తక్కువ. వానిని సభలలో వినినవారికి గోడలమీద చూచినవారికి లెక్కలేదు. కాని అది తేటగీతియని గమనించినవారు కొలదిమంది. దానిని పాటయనియో నినాదమనియో తలచి, ఒక్క చివరి పాదమునే అనుచుందురు. నా శంకకు సమాధానము ఆ తేటగీతిలోనే దొరకినది.

ప్రబంధకవులకు మిక్కిలి ప్రియములైన వృత్తములలో ఉత్పలమాల, చంపకమాల ముఖ్యములు. ఉత్పలమాల పాదమునకు ఇరువది యక్షరములు, చంపకమాలకు ఇరువదియొకటి. ఏది గురువో ఏది లఘువో అన్నియు ముందే నిర్ణయింపబడినవి. ఈ రెంటిలోను పాదము లోపల రెండు గురువులు ప్రక్కప్రక్కన వచ్చు తావు ఒక్కటియు లేదు. ఇప్పుడు 'తెలంగాణ' అను మాటను తూచుడు. 'తె' లఘువు, 'లం' గురువు, 'గా' గురువు, 'ణ' లఘువు. నడుమ రెండు గురువులు జంటగా నున్నవి. అనగా ఈ నేల పేరు ఆ రెండు మాలలలో నే పాదమునందును ఇముడదు. చంపకమాలలో అసలే ఇముడదు. ఉత్పలమాలలో పాదము చివర పేరును రెండు ముక్కలుగా విఱిచిన మాత్రమే పట్టును. శార్దూలమత్తేభములలో తావున్నది గాని, అక్కడను నిర్ణీతమైన స్థానముననే నిలువవలెను. ఎన్ని తరముల రాజులను పొగడిన ఛందస్సులో ఒక ప్రజ పేరునకు సుఖముగా కూర్చుండ చోటు లేకపోయినది! ఇది ఎవరును కోరి చేసిన కుట్ర కాదు, అక్షరముల లెక్క. అయినను ఆ లెక్కను మొదట వేసికొన్ననాడు నాకు కొంత సేపు నవ్వు, కొంత సేపు దిగులు కలిగినవి.

తేటగీతి యట్లు కాదు. అది దేశి. పాదమునకు ఐదు గణములు: మొదట నొక సూర్యగణము, పిమ్మట రెండింద్రగణములు, తుదకు రెండు సూర్యగణములు. సూర్యగణములు రెండు విధములు, ఇంద్రగణములు ఆఱు విధములు. కవి తనకు వలసినదానిని ఎన్నుకొనును. ప్రాస నియమము లేదు. నాలుగవ గణము మొదట యతి కుదిరిన చాలును, కుదరనిచో ప్రాసయతి వేసికొనవచ్చును. కొలత కలదు, కాని కొలత లోపల ఇల్లాలి చేతికున్నంత స్వేచ్ఛ కలదు. దాశరథి పద్యమున తుది పాదము 'నా' యను మాటతో మొదలై 'తెలంగాణ'తో సాగును. 'నా' గురువు, 'తె' లఘువు. ఈ రెండును కలిసి మొదటి సూర్యగణము. మిగిలిన 'లంగాణ' ఒక ఇంద్రగణము. 'నా' యనుటకును నేల పేరునకును నడుమ గణము విఱుగలేదు. నేల పేరులోని తొలి యక్షరము 'నా'తోనే కలిసిపోయినది. కవి దీనిని లెక్కవేసి చేసెనని నేననను. చెవి యెఱిగిన కవి లెక్క వేయడు.

ఆ నాలుగు పాదముల వరుసను జూచిన ఇంకొక విశేషము తోచును. మొదటి పాదము ప్రభువును పిలుచుటతో నారంభమగును. ఆ సంబోధనమే తిట్టు. రెండవది అట్టివాడు వేఱొకడు లేడనును. మూడవది అతడు చేసిన పనిని చెప్పును. ఆ పని దేనికి చేసెనో ఆ వస్తువు పేరు మాత్రము చిట్టచివరకు గాని రాదు. తెలుగు వాక్యమున సహజముగా క్రియ చివరకు రావలయును. ఇక్కడ క్రియ ముందే ముగిసి, కర్మము వెనుక వచ్చినది. 'నీవు' అని మొదలుపెట్టి 'నా' యను మాటకు చేరుటకు ఆ కవికి మూడు పాదములు పట్టినది. బాధించువాడెవడో ముందు తెలిసెను. తా నెవడో, తన దేదో తరువాత తెలిసెను. ఆత్మను తెలిసికొనుటకై పడిన పెనుగులాట పద్యములో చెప్పబడలేదు; పద్యపు నడకయే ఆ పెనుగులాటగా నున్నది. పూర్వము రాజును సంబోధించి వ్రాసిన పద్యములెన్నియో మనకు గలవు. వాని చివర కవికి దొరకునది అగ్రహారము. ఈ పద్యము చివర దొరకినది 'నా' యను నొక్క యక్షరము.

ఈ ప్రాంతమునకు ఈ తెగింపు క్రొత్త కాదు. మరిపెడకు పడమటి దిక్కున, నేటి జనగామ జిల్లాలో పాలకుర్తియు, దాని చేరువనే బమ్మెరయు కలవు. పోతన భాగవతమును రాజునకంకితము చేయలేదన్న కథ అందఱెఱిగినదే. అంతకు పూర్వమే పాల్కురికి సోమనాథుడు 'బసవపురాణము'ను, 'పండితారాధ్య చరిత్ర'ను ద్విపదలో వ్రాసెను. సంస్కృత వృత్తములు రాక కాదు; ఆతని శతకము వృత్తములలోనే యున్నది. శివభక్తులలో చాకలి, కుమ్మరి మొదలగువారి కథలు చెప్పదలచినవాడు, వారు పాడుకొన దగిన కొలతను ఎన్నుకొనెను. ద్విపద పాదమునకు మూడింద్రగణములు, ఒక సూర్యగణము. తేటగీతి పాదమునకు రెండింద్రగణములు, మూడు సూర్యగణములు. ఇటుక యొక్కటే, కట్టడము వేఱు. దాశరథి చెఱలో నుండగా సోమనాథుని తలచెనో లేదో మనకు పనిలేదు. ఆతని చేతికందినవి ఆ యిటుకలే.

ఇంతవఱకు చదివి, తెలంగాణపు ఆత్మ పద్యములోనే దొరకినదని నేను వాదించుచున్నట్లు చదువరులు భ్రమపడరాదు. దాశరథి పండితుని యింట పుట్టినవాడు. పద్యము ఆతని యింటి సొమ్ము. వెట్టిచాకిరిలో నలిగినవారి యింట ఆ సొమ్ము లేదు. అదే పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖునెదిరించి తన పంటను, నేలను కాపాడుకొన్న చాకలి ఐలమ్మ యే పద్యమును చదువలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలగూలిన పిమ్మట పల్లెలలో పుట్టినవి పాటలు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను యక్షగానమును ఆ పనికి పూన్చెను. కాళోజీ 1953లో వెలువరించిన 'నా గొడవ'లో పద్యపు నడకను ప్రక్కనుంచి, ఓరుగల్లు వీధి పలుకుబడినే పట్టెను. ఇదియు స్వరూపమును వెదకుకొనుటయే; ఒక విధముగా దాశరథి చేసినదానికంటె సాహసమైనది. చిత్రమేమనగా, ఈ నేలను గూర్చి వ్రాసిన తీరాంధ్ర కవులు క్రొత్త రూపములను పట్టిరి. ఆరుద్ర 'త్వమేవాహం' వెలువడిన 1949వ సంవత్సరముననే 'అగ్నిధార'యు వెలువడినది. కుందుర్తి 1956లో 'తెలంగాణ'ను వచనకవితగా వ్రాసెను. దూరము నుండి చూచువారికి ఈ పోరాటము రేపటిదిగా తోచినది. లోపల నున్నవానికి నిన్నటినుండి నేటివఱకు తెగిన దారమును ముడివేయు పనిగా తోచినది. రెండును సత్యములే, ఒకదానిని కొలమానముగా పెట్టుకొని రెండవదానిని తూచుట న్యాయము కాదు.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. గోడ పోయిన తరువాత పద్యమేమయ్యెను? దాశరథి 'రుద్రవీణ' 1950లో వచ్చినది. పిదప గేయములు, వచనకవితలు, 1961 నుండి సినిమా పాటలు కూడ వ్రాసెను. 'తిమిరంతో సమరం' గ్రంథమునకు 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆయా కృతులను వేఱువేఱుగా విమర్శించుట కిది చోటు గాదు. సినిమా పాటలను జూచి కవి పలుచనయ్యెనని నిట్టూర్చువారితో నేను ఏకీభవింపను. అంతకంటె హెచ్చుగా దాని ప్రసక్తియు తేను. నన్ను నిలిపినది ఆతడు ఉర్దూతో నెఱపిన వ్యవహారము.

బడిలో తన తెలుగును త్రోసివేసిన భాష ఉర్దూ. తన్ను చెఱలో పెట్టిన ఆజ్ఞ వ్రాయబడిన భాష ఉర్దూ. గెలిచిన పిమ్మట దానిపై పగ దీర్చుకొనుట సులభము. అట్లు తీర్చుకొన్నవారును లేకపోలేదు. దాశరథి 1961లో 'గాలిబ్ గీతాలు' ప్రకటించెను. తెలుగున గజలునకు దారి తీసినవాడును ఆతడే. ఏలినవారి భాష వేఱు, ఆ భాషలో ఏడ్చిన కవి వేఱు అని ఆతడు గుర్తించెను. నిజామునకు ఎదురు నిలిచి పోరాడిన మఖ్దూం మొహియుద్దీన్ సైతము ఉర్దూ కవియే కదా! గజలు రూపములో నొక వింత నియమ మున్నది: చివరి ద్విపాదమున కవి తన పేరు చెప్పుకొనవలెను. గాలిబు మొదట అసద్ అను పేరు వాడి, తరువాత గాలిబను పేరు తీసికొనెను. తన పేరేదో తానే వెదకి నిర్ణయించుకొని, దానిని పద్యములో నిలుపుకొనుట అక్కడ సంప్రదాయము. మన శతకములలో పద్యము చివర దేవుని పేరు వచ్చును. మన వృత్తములో కవి పేరునకు తావే లేదు. ఆశ్వాసము ముగిసిన తరువాత గద్యమున చెప్పుకొనవలసినదే. చెఱలో 'నా' యను మాటకై మూడు పాదములు నడచినవానికి ఈ గజలు నియమము ఎట్లు తోచియుండునో ఊహింపవచ్చును.

గాలిబు షేరులలో నొకటి, లోకమున ప్రతి పనియు సులభము కాదనియు, మనుష్యునకు మనుష్యుడగుటయే దుర్లభమనియు భావమిచ్చునది. దాశరథి చేసిన యనువాదములలో మిక్కిలి పేరు పొందినదియు నదియే. తెలుగువారు గాలిబును చదువకయే దానిని సామెతవలె వాడుచున్నారు. షేరునకు రెండు పాదములు. అనువాదమును రెండే పాదములు. నే నొకనాడు ఆ పాదములను గణములుగా విడదీసి చూచితిని. మొదట సూర్యగణము, పిమ్మట రెండింద్రగణములు, తుదకు రెండు సూర్యగణములు. మొదటి పాదమున నాలుగవ గణమునకు అక్షరయతి, రెండవదానిలో ప్రాసయతి. తేటగీతి! నిజామాబాదు గోడమీద ప్రభువును తిట్టినది ఏ కొలతతోనో, ఆ ప్రభువు భాషలోని మహాకవిని తన యింటికి తెచ్చుకొన్నదియు ఆ కొలతతోనే.